మృగయాధర్మం – అభయారణ్యం

మహాభారత వనపర్వంలో ఒక చిన్న ఘట్టం ఉంది. ద్వైతవనంలో నివసిస్తున్న ధర్మరాజుకు ఒకనాటి రాత్రి స్వప్నంలో ఆ వనంలోని మృగాలు కన్నీటితో కనిపించాయి. తాము హతశేషులమనీ, బీజప్రాయంగా మాత్రమే మిగిలామనీ, పాండవులు నివాసం మార్చుకొంటే తమ కులం తిరిగి వృద్ధి పొందుతుందనీ విన్నవించాయి. తెల్లవారగానే ధర్మరాజు తమ్ములను పిలిచి, ఒక సంవత్సరం ఎనిమిది మాసాలుగా ఈ మృగాలవల్లనే తమ జీవనం సాగిందని గుర్తుచేసి, సపరివారంగా కామ్యకవనానికి తరలిపోయాడు.

జాతీయ ఉద్యానవనాలలో వేటను అనుమతించవచ్చునా అన్న నేటి వివాదాన్ని విచారించే జిజ్ఞాసువులకు ఈ స్వప్నవృత్తాంతం మంచి ఆరంభస్థానం.

మన వాఙ్మయం మృగయను ఏకముఖంగా నిషేధించిందని చెప్పడం సత్యం కాదు. ఆదిపర్వంలో మృగరూపధారియైన కిందమ మహర్షిని కొట్టిన పాండురాజు, వేట రాజధర్మమేనని అగస్త్యుని ఉదాహరించి సమర్థించుకొన్నాడు. మహర్షి సైతం వేటాడినందుకు కాక, మిథునసమయంలో కొట్టిన క్రౌర్యానికే శపించాడు. మనుస్మృతి కామజవ్యసనాలు పదింటిలో మృగయను మొదట పేర్కొన్నది. కౌటిల్యుడు దానిని వ్యసనమేనంటూనే, వ్యాయామాది లాభాలు ఉన్నందున ద్యూతమే అంతకన్న హీనమని తీర్మానించాడు. అయితే ఆయనే రాజవిహారానికి ఒక మృగవనాన్ని, సర్వమృగాలకు ఆతిథ్యమిచ్చే మరొక వనాన్ని వేర్వేరుగా విధించాడు. అభయం పొందిన వనాలలో మృగపక్షిమత్స్యాలను చంపినవారికి దండన నిర్ణయించాడు. అనగా వేటకు చోటున్న సమాజంలోనే వేట ప్రవేశించరాని స్థలం కూడా ఉండాలన్నది ప్రాచీనుల వ్యవస్థ.

క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దిలో అశోకుడు ఈ ఆలోచనను తన గృహం నుండే ఆరంభించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని శిలలపై నేటికీ ఆ ధర్మశాసనాలు ఉన్నాయి. పూర్వరాజుల విహారయాత్రలలో వేట ప్రధానమనీ, తాను దాని స్థానంలో ధర్మయాత్రను స్వీకరించాననీ ఆయన చెప్పుకొన్నాడు. రాజమహానసంలో నిత్యం జరిగే వధను రెండు నెమళ్లకు, ఒక మృగానికి తగ్గించి, మునుముందు అదికూడా ఉండదని ప్రకటించాడు. అయితే అదే శాసనమాలలో ఆటవికులను అనునయిస్తూనే తన దండనశక్తిని వారికి గుర్తుచేసే హెచ్చరిక కూడా ఉంది. మృగాలకు అభయం, అడవిలో నివసించే మనుష్యులకు భయం: ఈ సంకటం ఆనాడే పొడసూపింది.

ఆధునికయుగంలో వేట అధికారవైభవానికి చిహ్నమైంది. 1938 నవంబరు 12న భరత్‌పూర్ చిత్తడినేలలో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కూల్చింది. కుమావూఁ ప్రాంతంలో దేశపు తొలి జాతీయ ఉద్యానవనం 1936లోనే ఏర్పడినా, దాని వెలుపల రాజుల వేట ఆగలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాతీయ ఉద్యానవనాలకు దేశమంతటా ఒక న్యాయరూపాన్ని ఇచ్చింది. ఆ చట్టంలో మొదట లైసెన్సుతో కొన్ని జంతువులను వేటాడే అవకాశం మిగిలి ఉండగా, 1991 సవరణ దానిని తొలగించింది. నాడు సుమారు 1,800గా లెక్కించబడిన పులుల సంఖ్య 2022 అంచనాలో సగటున 3,682కు చేరింది. గణనపద్ధతులు భిన్నమైనవే. అయినను వినాశదిశ మరలిందనడంలో సందేహం లేదు.

వేటను తిరిగి అనుమతించాలనేవారి వాదాలను తృణీకరించరాదు. జంతుసంఖ్య మితిమీరితే పంటలు నశిస్తాయని, వేటరుసుము అరణ్యరక్షణకే ఉపకరిస్తుందని వారంటారు. రైతు దుఃఖం యథార్థం. మానవప్రాణానికి ముప్పైన జంతువును నివారించేందుకు చట్టమే మార్గం విడిచింది. 2016లో హిమాచల్ ప్రదేశ్‌లో కోతులను, ఉత్తరాఖండ్‌లో అడవిపందులను నిర్ణీత ప్రాంతాలలో కొంతకాలం హానికర జంతువులుగా ప్రకటించారు. ఇది ఆపద్ధర్మం. వినోదార్థం తుపాకి ఎత్తడం దీనితో సమానం కాదు. పైగా రుసుము చెల్లించగలవానికి అభయారణ్యద్వారం తెరిస్తే, అభయమే పణ్యవస్తువు అవుతుంది.

క్లిష్టమైన ప్రశ్న మరొకటి ఉంది. నల్లమలలో చెంచులు తరతరాలుగా విల్లంబులతో, తేనెతో, దుంపలతో జీవించారు. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్య అన్నారు. అహోబల నృసింహుడు చెంచులక్ష్మిని చేపట్టాడన్నారు. ఆ అరణ్యమే నేడు పులుల అభయారణ్యం. 2006 అటవీహక్కుల చట్టం అడవిబిడ్డల సంప్రదాయహక్కులను గుర్తించింది గాని, వేటను స్పష్టంగా మినహాయించింది. రాజు వేడుకకై ఆడిన వేటను, చెంచు ఆకలికై ఆడిన వేటను ఒకే పేరుతో నిషేధించడం న్యాయదృష్టికి సరళమే. ధర్మదృష్టికి మాత్రం అది చాలదు. మృగక్షయానికి ప్రధానకారకులు తమ వినోదాన్ని మాత్రమే విడిచారు. చెంచు విడిచింది తన భోజనాన్ని. ఆ త్యాగానికి ప్రతిగా తేనెపై, వనఫలాలపై, నివాసంపై అతని హక్కును నిజంగా నిలపడం సమాజం తీర్చవలసిన ఋణం.

అందుచేత జాతీయ ఉద్యానవనంలో వేట తగదన్న నిర్ణయమే శాస్త్రానికి, కరుణకు సమ్మతం. కాని దాని భారం ఎవరిపై ముందుగా పడాలన్నదే అసలైన ధర్మసూక్ష్మం. సన్న్యాసం స్వీకరించేవాడు సర్వభూతాలకు తననుండి భయం లేదని పలికి బయలుదేరుతాడు. ఇతరులనుండి భయం లేదని పలుకడు. ధర్మరాజు కూడా ద్వైతవనంలోని కిరాతులను వెళ్లగొట్టలేదు. విల్లు తన తమ్ముల చేతిలో ఉన్నది గనుక, ముందుగా తానే ఆ వనాన్ని విడిచాడు.