సున్నమా, జిప్సమా? దివిసీమ పొలం మట్టి కార్డులో ముందు చూడాల్సిన రెండు అంకెలు

మంగినపూడి బీచ్‌కి వెళ్లినవాళ్లకి ఇసుక కంటే నల్లటి బంకమట్టే గుర్తుంటుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ పొలాల్లో ఉన్నదీ ఎక్కువగా నల్లమట్టే. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉంటూ ఊళ్లో పొలం కౌలుకిచ్చినవాళ్లకి ఈ మధ్య వాట్సాప్‌లో మట్టి పరీక్ష కార్డు ఫొటో వస్తోంది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డు ఇది. ఇందులో 12 అంశాలుంటాయి. ముందుగా చూడాల్సినవి పీహెచ్, ఈసీ.

మన మట్టికి సున్నం ఎందుకు వద్దు?

పీహెచ్ 7 అయితే తటస్థం. తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. కేరళలో కుండపోత వానలకి మట్టిలోని కాల్షియం కొట్టుకుపోయి నేల పుల్లబడుతుంది. అందుకే అక్కడ పొలానికి సున్నం వేస్తారు. కృష్ణా డెల్టా కథ వేరు. నది మహాబలేశ్వర్ దగ్గర పుట్టి, దక్కన్ నల్లరాతి నేలల మీదుగా వస్తుంది. ఆ రాయి అరిగి వచ్చిన మట్టిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పైగా ఇక్కడి వాన కేరళలో పడేదానిలో మూడో వంతే. కాబట్టి మట్టి సాధారణంగా క్షారం వైపే ఉంటుంది. యూట్యూబ్ చూసి సున్నం చల్లితే డబ్బు దండగ.

అయితే జిప్సం వెయ్యాలా?

చాలామంది పొరపడేది ఇక్కడే. చౌడు రెండు రకాలు. పాలచౌడులో ఎండాకాలం నేల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఈసీ ఎక్కువ, పీహెచ్ 8.5 లోపే. దీనికి జిప్సం మందు కాదు. మంచినీళ్లు నిలగట్టి, ఉప్పుని కరిగించి, మురుగు కాలువలోకి వదలాలి. కాలువ పూడిపోయినా, పక్కనే ఉప్పునీటి చెరువు ఉన్నా ఎన్ని బస్తాలు పోసినా ఫలితం ఉండదు. కారుచౌడులో పీహెచ్ 8.5 దాటుతుంది, సోడియం పట్టేసి మట్టి నీరు ఇంకనివ్వదు. జిప్సం పనిచేసేది దీనిమీద. ఆ తర్వాత కూడా నీళ్లు పెట్టి తియ్యాల్సిందే.

ఈసీ 4 దాటితే ఉప్పునేల అని పుస్తకాల్లో ఉంటుంది. అది నీటితో తడిపి ముద్ద చేసిన మట్టి నుంచి తీసిన నీటి లెక్క. ల్యాబుల్లో మామూలుగా ఒక వంతు మట్టికి రెండు వంతుల నీళ్లు కలుపుతారు, అంకె తగ్గి కనిపిస్తుంది. అందుకని కార్డులో 2 ఉన్నా తేలిగ్గా తీసుకోవద్దు.

పీహెచ్ ఎక్కువైతే మట్టిలో జింకు ఉన్నా వరికి అందదు. ఆకుల మీద తుప్పు మచ్చలొస్తాయి, దుబ్బు ఎదగదు. లోపం ఉందని కార్డు చెబితే ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేట్ ఆఖరి దుక్కిలో వేస్తారు. భాస్వరం ఎరువుతో కలపకూడదు.

ఎవరిని అడగాలి?

ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి. చౌడు విషయంలో ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం, బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం ఉన్నాయి. జిప్సం ఖర్చు ఎవరిదన్న ప్రశ్న కూడా వస్తుంది. దాని ఫలితం కొన్నేళ్లు భూమిలోనే ఉంటుంది, కౌలు మాత్రం చాలాచోట్ల ఏడాదికే. కనుక యజమాని భరించడమే న్యాయం.

నమూనా కోతల తర్వాత తీయించండి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు వదిలేసి 8-10 చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, అంచుల మట్టి కలిపి, అరకిలో మిగిల్చి నీడన ఆరబెట్టాలి. ఎరువు బస్తాలో మాత్రం వెయ్యనివ్వకండి. చౌడు అనుమానముంటే కింది 15 సెంటీమీటర్ల మట్టిని విడిగా పంపాలి.