మైసూరు బండి – మన ఇంటి మరమ్మతు

తొర్రూరు వరంగల్లు జిల్లాలో ఉన్న రోజుల్లో (2016లో మహబూబాబాదు జిల్లాలో చేరింది) గుమాస్తాగా పనిచేసిన నాకు తోడు ఒక పాత యెజ్డీ. దాని చరిత్ర క్లుప్తంగా మనవి చేస్తాను.

జావా మోటారు సైకిలు 1929లో చెకోస్లోవేకియాలో పుట్టింది. 1961లో మైసూరులో ఐడియల్ జావా వారు ఈ బండ్లు తయారు చేయసాగారు. 1973 నుంచి యెజ్డీ పేరు వచ్చింది. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కావడం దీని ప్రత్యేకత.

ఇది రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలులో ఆయిలు కలిపితేనే పిస్టనుకు జిడ్డు అందుతుంది. ఒకనాడు తొందరలో కలపడం మరిచాను. దారిలోనే పిస్టను పట్టేసింది. బోరు చేయించడానికి ఆ నెల జీతంలో పెద్ద భాగం పోయింది. తప్పు నాదే. అప్పటినుంచి ఆదివారాలు ప్లగ్గు మసి తుడవడం, పాయింట్ల ఎడం సరిచూడడం, సైలెన్సరులో పేరుకున్న కార్బను గీకడం నేనే నేర్చుకున్నాను.

1996లో మైసూరు కర్మాగారం మూతపడింది. అయినా బండ్లు ఆగలేదు. పాత బండ్ల నుంచి విప్పిన భాగాలతో, లేతు పనివారి నేర్పుతో, యజమానుల ఓపికతో నడిచాయి. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు మళ్లీ వచ్చాయి గాని, అవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు.

మిత్రులారా, మూలన పడిన బండిని తూకానికి వేసేముందు మనుమడిని పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి ప్లగ్గు విప్పి చూడండి. బండితోపాటు ఆ పనితనమూ ఇంట్లో నిలుస్తుంది.