పరదేశపు పేటెంటు, స్వదేశపు సరుకు

1873లో వియన్నాలో ప్రపంచ వస్తు ప్రదర్శన జరిగినప్పుడు చాలామంది విదేశీ ఆవిష్కర్తలు తమ యంత్రాలను పంపడానికి వెనకాడారు. చూసినవాళ్లు చూసినట్టే చేసుకుపోతారని భయం. ఆ భయమే పదేళ్లకు, 1883లో, పారిస్ ఒడంబడికకు దారితీసింది. అయినా మూలసూత్రం మారలేదు. పేటెంటు తీసుకున్న దేశంలోనే చెల్లుతుంది. సరుకు దిగే ప్రతి దేశంలోనూ హక్కును విడిగా సంపాదించుకోవాలి.

ఈ సంగతి బాగా వంటబట్టించుకున్నవి జర్మన్ రంగుల కంపెనీలు. 1856లో తొలి కృత్రిమ రంగును కనిపెట్టింది లండన్ యువకుడు విలియం పెర్కిన్. ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు గానీ ఫ్రాన్సులో దక్కలేదు. అక్కడివాళ్లు ఆ రంగును నిరాటంకంగా తయారు చేశారు. జర్మన్లు ఆ సందు ఇవ్వలేదు. 1877లో సొంత చట్టం వచ్చాక, ప్రయోగశాలలో తేలిన పద్ధతులకు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పేటెంట్లు తీసుకుంటూ పోయారు. చాలావరకు అక్కడ ఫ్యాక్టరీలు పెట్టలేదు, అక్కడివాళ్లను పెట్టనివ్వలేదు. సరుకు మాత్రం జర్మనీ నుంచి దిగేది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ప్రపంచపు కృత్రిమ రంగుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా వాళ్లవే.

ఆ దెబ్బ మనకూ తగిలింది. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు మన నాగులవంచ ప్రాంతంలో నీలిమందు కొని మచిలీపట్నం రేవు నుంచి ఓడలకెక్కించారు. నీలి ఎగుమతి అంత పాతది. 1897లో జర్మన్ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. కృత్రిమ నీలిని బజారులోకి దించింది. ఆ ఏడు ప్రపంచంలో మొక్కల నుంచి తీసిన నీలి సుమారు 19,000 టన్నులు. 1914 నాటికి 1,000 టన్నులే మిగిలింది. మన నీలిని పడగొట్టింది పేటెంటు ఒక్కటే అనను, చవకదనమూ నిలకడైన నాణ్యతా అసలు కారణాలు. కానీ ఆ గెలుపు లాభం పోటీదారుల పాలు కాకుండా కాపాడింది మాత్రం పేటెంటే.

అయితే పరదేశంలో హక్కు ఆ దేశపు దయ మీద నిలుస్తుంది. పేటెంటు తీసుకున్నవాళ్లు తన గడ్డ మీదా తయారు చేయాలని 1907లో బ్రిటన్ చట్టం తెచ్చింది. దాంతో జర్మన్ కంపెనీ హోక్స్ట్ ఇంగ్లండులోని ఎల్స్‌మీర్ పోర్టులో నీలి ఫ్యాక్టరీ కట్టాల్సివచ్చింది. యుద్ధంలోకి దిగిన అమెరికా జర్మన్ పేటెంట్లను ఏకంగా స్వాధీనం చేసుకుని, తన కంపెనీలకు లైసెన్సులిచ్చింది. అమెరికా రసాయన పరిశ్రమ నిలదొక్కుకోవడానికి అదొక ఆసరా అయింది.

జపాన్ 1899లో పారిస్ ఒడంబడికలో చేరింది. ముప్ఫై ఏళ్లకు తొయోదా కంపెనీ తన ఆటోమేటిక్ మగ్గం హక్కులను ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్‌కు లక్ష పౌండ్లకు ఇచ్చేందుకు ఒప్పందం చేసుకుంది. మగ్గాలు చేయడం ప్రపంచానికి నేర్పినవాళ్లే కొనుక్కున్నారు! కొరియాకు పాఠం కోర్టులో దొరికింది. 1986లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ మెమరీ చిప్‌ల మీద శాంసంగ్‌పై దావా వేసింది, చివరికి శాంసంగ్ రాయల్టీ కట్టింది. తరువాత అదే కంపెనీ అమెరికా పేటెంట్లను దీక్షగా పోగుచేసి, 2022లో ఐ.బి.ఎం.ను దాటింది.

మన దారి వేరు. పేటెంటు చట్టంపై అయ్యంగార్ ఇచ్చిన నివేదిక వెలుగులో వచ్చిన 1970 చట్టం మందులకు ఉత్పత్తి పేటెంటు తీసేసి తయారీ పద్ధతికే హక్కు మిగిల్చింది. హైదరాబాదులోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞుల్లో ఒకరైన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. పేదవాడికి మందు అందిందంటే ఆ చట్టం చలవే, దాన్ని తప్పుపట్టలేను. కానీ మన మందుల ఎగుమతి ఎదుటివాడి పేటెంటు గడువు తీరే రోజు చుట్టూ తిరిగింది. 2001లో అమెరికాలో ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు డాక్టర్ రెడ్డీస్‌కు దక్కిన 180 రోజుల ప్రత్యేక హక్కు ఆ దారిలో పెద్ద గెలుపు. సొంత అణువు బాలగ్లిటజోన్‌ను అంతకుముందే, 1997లో, నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చింది గానీ ఆ మందు బజారుకు రాలేదు.

మనం పారిస్ ఒడంబడికలో చేరింది 1998 డిసెంబరులో, మందులకు ఉత్పత్తి పేటెంటు తిరిగి తెచ్చింది 2005లో. ఇక సొంత ఆవిష్కరణ ఉన్న మన విశ్వవిద్యాలయాలకూ చిన్న ఎగుమతిదారులకూ ఒక్క మనవి: సదస్సులో పత్రం చదివేలోపే దరఖాస్తు పెట్టండి. ముందు బయటపెడితే యూరప్‌లో హక్కు దాదాపు పోయినట్టే. మన దేశంలో పెట్టిన నాటి నుంచి 12 నెలల్లోగా, సరుకు నిజంగా అమ్ముడయ్యే దేశాలను ఎంచుకుని అక్కడా పెట్టండి.