కార్యాలయ భద్రత

ఆఫీసులో పనిచేసేవారు ప్రమాదాల పాలు కాకుండా తీసుకునే జాగ్రత్తలను కార్యాలయ భద్రత అంటారు. పెద్ద యంత్రాలేవీ లేవు కాబట్టి ఇక్కడ ప్రమాదమేముంటుందనుకోవడం పొరపాటు. తడి ఆరని గచ్చు మీద జారడం, నేల మీది వైర్లు కాళ్లకు తగలడం, పై అరలో ఫైలు కోసం చక్రాలున్న కుర్చీ ఎక్కడం వంటి వాటితోనే దెబ్బలు తగులుతుంటాయి.

ప్రాణం మీదికి తెచ్చేది అగ్నిప్రమాదం. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి, అయిదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువ ఉద్యోగులు చనిపోయారు. వారిని బలిగొన్నది పొగ. పొగ కమ్మినప్పుడు ముక్కుకు తడిగుడ్డ అడ్డుపెట్టుకుని, బాగా వంగి మెట్లదారి పట్టాలి, లిఫ్టు ఎక్కరాదు.

ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కెటిల్, హీటరు కలిపి తగిలిస్తే వైరు వేడెక్కి అంటుకోవచ్చు. కరెంటు మంటల మీద నీళ్లు పోయకూడదు. వీలైతే మెయిన్ ఆపి, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టి మీట నొక్కాలి. గోడకు వేలాడే ఆ సిలిండరును ఒక్కసారైనా చేతబట్టి చూసినవారు అరుదు. ఇక అత్యవసర మెట్లంటారా, చాలాచోట్ల అవి విరిగిన కుర్చీలకు, అట్టపెట్టెలకు గోదాము. అగ్నిమాపక దళం ఫోన్ నంబరు 101.