ఆర్‌సీ మీద అప్పు: సంతకం పెట్టేముందు, బండి గుంజుకున్నాక మన హక్కులు

ఆటో, ట్రాలీ, ట్యాక్సీ నడిపి బతికే కుటుంబాలు మన వాడల్లో చాలా ఉన్నాయి. ఆసుపత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో బ్యాంకులో అప్పు పుట్టనప్పుడు ఉన్న బండి ఆర్‌సీనే ఫైనాన్స్ కంపెనీలో పెట్టి డబ్బు తెచ్చుకుంటారు. కిస్తీలు ఆగితే పోయేది బండి ఒక్కటే కాదు, ఇంటి సంపాదన కూడా. అందుకే ఈ అప్పులో మనకున్న రక్షణలను ఇక్కడ వివరిస్తున్నాం.

ఆర్‌సీలో ఏం మారుతుంది?

మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 51 కింద ఆర్‌సీలో ఫైనాన్షియర్ పేరు హైపోథికేషన్‌గా నమోదవుతుంది. బండి మన పేరనే, మన చేతిలోనే ఉంటుంది. కానీ ఫైనాన్షియర్ ఒప్పుకోకుండా ఇంకొకరి పేరుకు మార్చలేం. అప్పు తీరగానే ఎన్‌ఓసీ, ఫైనాన్షియర్ సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఓలో ఆ పేరు తీయించాలి.

అసలు వడ్డీ ఎంత?

‘12 శాతం ఫ్లాట్’ అంటే చవక అనిపిస్తుంది. లక్ష రూపాయలకు 3 ఏళ్లలో 36,000 వడ్డీ, నెలకు సుమారు 3,778 కిస్తీ. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్షకే లెక్కిస్తారు. తగ్గే అసలుపై లెక్కిస్తే ఇది ఏడాదికి సుమారు 21 శాతం. ప్రాసెసింగ్ ఫీజు కలిస్తే ఇంకా ఎక్కువ.

ఈ దాపరికాన్ని ఆపేందుకే, 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్ అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (కేఎఫ్‌ఎస్) ఇవ్వాలని బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలను ఆర్బీఐ ఆదేశించింది. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఫీజులతో కలిపిన వార్షిక రేటు చూపాలి. అందులో లేని ఛార్జీని మన స్పష్టమైన అంగీకారం లేకుండా వేయకూడదు. కాలపరిమితి 7 రోజులు, ఆపైన ఉన్న అప్పుకైతే ఆలోచించుకోవడానికి కనీసం 3 పని దినాలు ఇవ్వాలి. కిస్తీ ఆలస్యానికి వేసిన జరిమానాపై మళ్లీ వడ్డీ వేయకూడదు.

దారిలో బండి ఆపితే?

రికవరీకి గూండాలను వాడకూడదని 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెంట్లు బలవంతంగా వాహనాలు లాక్కోవడం చట్టవిరుద్ధమని 2023 మేలో పట్నా హైకోర్టు తీర్పిచ్చింది. ఎన్‌బీఎఫ్‌సీల ఒప్పందంలో స్వాధీనానికి ముందు నోటీసు గడువు, అమ్మేముందు చివరి అవకాశం గురించిన షరతులు ఉండాలి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత రికవరీ ఫోన్లు చేయకూడదు.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, సమాచారానికి 14448. ‘ఆటో వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారులు కారు’ అని కంపెనీ వాదిస్తే, కేవలం స్వయం ఉపాధితో బతకడానికి కొన్నవారూ వినియోగదారులేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోందని గుర్తుచేయాలి.

నలుగురిలో కులం పేరుతో దూషిస్తే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎస్) కింద నేరం. లాయరు ఖర్చు భయమూ అక్కర్లేదు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, ఫోన్ 15100.

వాడలో ఎవరైనా ఇలాంటి అప్పుకు సిద్ధమైతే కార్యకర్తలు, విద్యార్థులు పక్కన కూర్చుని కేఎఫ్‌ఎస్ చదివి వినిపించాలి. ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టనివ్వొద్దు. ఒప్పందం నకలు, ప్రతి కిస్తీ రసీదు ఇంట్లో ఉండేలా చూడాలి. రేపు కమిషన్ ముందు మాట్లాడేవి ఆ కాగితాలే.