ఆమ్‌హర్స్ట్ డిగ్రీ: రెండు శతాబ్దాల సింహావలోకనం

అమెరికా ఈశాన్యాన, మసాచుసెట్స్ రాష్ట్రంలోని కనెక్టికట్ నదీలోయలో ఆమ్‌హర్స్ట్ అనే చిన్న ఊరుంది. 1821లో ఆ ఊరి పెద్దలు చందాలు పోగుచేసి ఒక కళాశాల పెట్టుకున్నారు. దైవభక్తి, తెలివి ఉండి డబ్బు లేని కుర్రవాళ్లను మతబోధకులుగా తీర్చడం వారి సంకల్పం. ముందు నిలిచి నడిపినవారిలో నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ ఒకరు. కవయిత్రి ఎమిలీ డికిన్సన్ తాతగారైన శామ్యూల్ ఫౌలర్ డికిన్సన్ ఇంకొకరు. ఈయన కాలేజీ కోసం ఉన్న ఆస్తి కరగదీసుకున్నాడు. తలుపులు తెరిచిననాడు చేరినవారు 47 మంది. ఇప్పుడు సుమారు 1,900 మంది చదువుతున్నారు, అందరూ డిగ్రీ విద్యార్థులే. ఏం చదివితే డిగ్రీ ఇవ్వాలన్న ప్రశ్నకు ఈ రెండు వందల ఏళ్లలో ఆ కళాశాల చెప్పిన జవాబులు ఒకదానికొకటి పొంతన లేనంతగా మారాయి. అమెరికాలోని చిన్న కళాశాలల చదువుల చరిత్ర అంతా ఆ జవాబుల్లో కనిపిస్తుంది.

తొలితరం జవాబులో సందేహానికి తావు లేదు. లాటిన్, గ్రీకు, గణితం అందరికీ ఒకటే. కాలేజీలో చేరాలంటేనే లాటిన్ రచయితలైన వర్జిల్, సిసెరోలను చదివి ఉండాలి. తరగతి అంటే ఉపన్యాసం కాదు, అప్పజెప్పడం: ఉపాధ్యాయుడు పేరు పిలిస్తే లేచి నిన్నటి పాఠం ఒప్పజెప్పాలి, ఆయన మార్కు వేసుకుంటాడు. మన వీధిబడి ఎరిగినవారికి ఇదేమీ వింత కాదు. నాలుగో ఏట కళాశాల అధ్యక్షుడే స్వయంగా నీతిశాస్త్రం చెప్పేవాడు. అంతవరకు చదివిన చదువులకు అది గోపురం. అయితే ఆరేళ్లు తిరగకుండానే, 1827లో, అధ్యాపకులే ఈ కట్టడిని ప్రశ్నించారు. గ్రీకు, లాటిన్‌ల పక్కనే ఆధునిక భాషలు, శాస్త్రాలతో ఒక సమాంతర కోర్సు పెడదామన్నారు. పెట్టారు కూడా, కాని నిలవలేదు. మరుసటి ఏడే యేల్ కళాశాల వెలువరించిన నివేదిక ప్రాచీన భాషలే మనసుకు సాధన అని తేల్చి చెప్పింది. ఆ మాట చిన్న కళాశాలలకు దాదాపు అర్ధశతాబ్దం పాటు శాసనమైంది. మంచి ఆలోచన ముందుగా పుట్టి ఓడిపోయిన సందర్భాల్లో ఇదొకటని నా అభిప్రాయం.

శాసనం అలా ఉండగానే కొత్త చదువులు పక్కదారిన లోపలికి వచ్చాయి. 1845 నుంచి 1854 దాకా అధ్యక్షుడైన ఎడ్వర్డ్ హిచ్‌కాక్ భూగర్భశాస్త్రజ్ఞుడు. నదీలోయలోని ఎర్రరాతి పలకల మీది పాదముద్రలను సేకరించి, అవి పురాతన మహాపక్షులవని భావించాడు. నిజానికి అవి డైనోసార్లవి. ఆ రాళ్లు ఇప్పటికీ కళాశాల మ్యూజియంలో ఉన్నాయి. ఆయన కుమారుడు, అదే పేరుగల వైద్యుడు, 1861లో ఆరోగ్య వ్యాయామ విద్యలకు ఆచార్యుడై 1911లో మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. కుర్రవాళ్లంతా వ్యాయామశాలలో వరుసగా నిలబడి కొయ్య డంబెల్స్‌తో కసరత్తు చేయాల్సిందే. ఆయన ఒక్కొక్కరి ఎత్తు, బరువు, ఛాతీ కొలిచి పుస్తకాల్లో రాయించేవాడు. గ్రీకు వ్యాకరణం సరసన దేహదారుఢ్యం కూడా డిగ్రీ నియమాల్లో చేరింది. ఆ కాలం విద్యార్థుల్లో జపాన్ నుంచి వచ్చి 1870లో పట్టం పుచ్చుకున్న నీజిమా జో తన దేశానికి వెళ్లి క్యోటోలో దోషిషా విద్యాసంస్థను స్థాపించాడు. నాలుగేళ్ల తర్వాత పట్టభద్రుడైన మెల్విల్ డ్యూయీ చదువుకుంటూనే కళాశాల గ్రంథాలయంలో పనిచేశాడు. జ్ఞానాన్నంతా పది తరగతులుగా విభజించే దశాంశ పద్ధతి అక్కడే అతనికి తట్టింది, 1876లో అచ్చయింది. దాన్ని పాటించే మన గ్రంథాలయాల్లో తెలుగు సాహిత్యం అట్టల మీద 894.827 అని కనిపించేది ఆ కుర్రవాడి పుణ్యమే.

1869లో హార్వర్డ్ పగ్గాలు పట్టిన చార్లెస్ ఎలియట్ విద్యార్థే తన పాఠాలు ఎంచుకోవాలన్న వాదాన్ని దేశం మీదికి వదిలాడు. ఆమ్‌హర్స్ట్ ఆ గాలికి మెల్లగా ఊగింది: ఐచ్ఛికాలు ఏటికేడు పెరిగాయి, ప్రాచీన భాషల పట్టు సడలింది. అధ్యక్షుడు చెప్పే నీతిశాస్త్రం పోయి, ఆ చోటు చార్లెస్ గార్మన్ తత్త్వశాస్త్ర తరగతికి దక్కింది. పాఠ్యపుస్తకం మీద నమ్మకం లేని మనిషి గార్మన్. తన ప్రశ్నలను చిన్న కరపత్రాలుగా అచ్చొత్తించి చేతికిచ్చేవాడు, బయటివారికి చూపొద్దనేవాడు, తిరిగి తీసుకునేవాడు. 1895లో పట్టభద్రుడై తర్వాత అమెరికా అధ్యక్షుడైన కాల్విన్ కూలిడ్జ్ తన ఆత్మకథలో ఈ గురువును తలచుకుని పేజీలకు పేజీలు రాశాడు.

ఐచ్ఛికాలు పెరిగేకొద్దీ డిగ్రీకి వెన్నెముక లేకుండా పోతోందన్న బెంగ కూడా పెరిగింది. 1912లో అధ్యక్షుడిగా వచ్చిన అలెగ్జాండర్ మైకిల్‌జాన్ ఆ బెంగకు గొంతు ఇచ్చాడు. మొదటి ఏడాది వారికి సమాజాన్ని, ఆర్థిక వ్యవస్థను కలిపి చూపే కోర్సు 1914లో పెట్టాడు. కవి రాబర్ట్ ఫ్రాస్ట్‌ను 1917లో పాఠం చెప్పడానికి పిలిచాడు. సీనియర్ ఆచార్యులతో, పూర్వ విద్యార్థులతో, ధర్మకర్తలతో పేచీలు ముదిరి 1923లో పదవి పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది పట్టాలందుకోవలసిన కొందరు నిరసనగా వాటిని పుచ్చుకోలేదు. సిలబస్ కోసం డిగ్రీ వదులుకున్న విద్యార్థులు లోకంలో ఎందరుంటారు!

ఆయన కల మరో రూపంలో, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక నెరవేరింది. 1947లో అమలైన కొత్త పాఠ్యక్రమం తొలి రెండేళ్లకు ఉమ్మడి చదువును తెచ్చింది. కవి కాబోయేవాడు కూడా భౌతికశాస్త్రం, కలనగణితం చదవాలి. రసాయనశాస్త్రం చేయాలనుకునేవాడూ చరిత్ర పత్రాలు రాయాలి. ఒకే రాత్రి ఒకే ప్రశ్నతో వసతిగృహమంతా కుస్తీ పట్టేది. ఆ తరం వారు ముసలివాళ్లయ్యాక కూడా మరవనిది థియొడోర్ బెయిర్డ్ నడిపిన ఇంగ్లిష్ కోర్సు. పాఠ్యపుస్తకం లేదు, వ్యాకరణం లేదు. సెమిస్టరుకు ముప్పై దాకా వ్యాసాలు. ఒక ప్రశ్న తర్వాత ఒకటి గొలుసుగా సాగేది. నీకు బాగా చేతనైన పని ఒకటి చెప్పు, అది నీకు తెలుసని ఎలా తెలుసు – ఈ తరహా ప్రశ్నలు. రాసినవాటిలో కొన్నింటిని పేరు తీసేసి సైక్లోస్టైల్ చేసి తరగతిలో పంచి, ఒక్కో వాక్యాన్నీ నిలదీసేవారు. పడికట్టు మాటలకు అక్కడ దిక్కు ఉండేది కాదు. భౌతికశాస్త్రంలో ఆర్నాల్డ్ ఆరన్స్ తీరూ ఇంతే: సూత్రం చెప్పగానే సరిపోదు, అది ఏ ఆధారంతో నిలిచిందో చూపాలి. 1960లో చేరి తర్వాత అర్థశాస్త్రంలో నోబెల్ పొందిన జోసెఫ్ స్టిగ్లిట్జ్ ఈ కాలం విద్యార్థే. ఆ రెండు దశాబ్దాలే ఈ కళాశాల చదువుల్లో అత్యున్నత ఘట్టమని నేను గట్టిగా నమ్ముతాను.

కాని అది నిలవలేదు. ఏళ్ల తరబడి ఒకే ఉమ్మడి పాఠం చెప్పే ఓపిక కొత్త ఆచార్యులకు లేదు, వారి ధ్యాస పరిశోధన మీదికి మళ్లింది. 1960ల విద్యార్థులు ఏ నిర్బంధాన్నీ సహించే స్థితిలో లేరు. ఉదయపు ప్రార్థనకు హాజరు తీయడం ఆ దశాబ్దంలోనే పోయింది. 1970ల ఆరంభానికి ఉమ్మడి పాఠ్యక్రమం పూర్తిగా తొలగింది. 1965లో చుట్టుపక్కల కళాశాలలతో ఏర్పడిన సంఘం వల్ల ఒక కాలేజీ విద్యార్థి బస్సెక్కి ఇంకో కాలేజీలో పాఠం వినే వీలు వచ్చింది. 1975లో ఆడపిల్లలకు తలుపులు తెరిచారు. ఎమిలీ డికిన్సన్ తాత కట్టిన కాలేజీలో ఆడపిల్ల పట్టా పొందే హక్కుకు నూటయాభై ఏళ్లు పట్టింది.

నేటి నియమాలు ఒక చిన్న కాగితం మీద పడతాయి. నాలుగేళ్లలో 32 కోర్సులు, అంటే సెమిస్టరుకు నాలుగు. మొదటి ఏట ఒక సెమినార్. ప్రధాన విషయంగా ఒక మేజర్. మిగతాదంతా విద్యార్థి ఇష్టం. గణితం ముట్టకుండా, విదేశీ భాష నేర్వకుండా కూడా డిగ్రీ పొందవచ్చు. ఇది విచ్చలవిడితనంగా తోచవచ్చు కాని, మొదటి ఏటి సెమినార్‌లో పదిహేను మంది లోపే కూర్చుంటారు, రాసిన ప్రతి వ్యాసాన్నీ ఆచార్యుడు దిద్దుతాడు. ఒక్కో విద్యార్థికి ఒక సలహాదారు ఉంటాడు; కోర్సులకు పేరు నమోదు కావాలంటే ముందు ఆయనతో కూర్చుని మాట్లాడాలి. సిలబస్‌లో ఉండే నిర్బంధం అలా ఆ మాటామంతీలోకి మారింది.

2020 జాతీయ విద్యావిధానం తర్వాత మన డిగ్రీ చదువులు కూడా విద్యార్థి ఎంపిక వైపే నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24లో సింగిల్ మేజర్ వచ్చింది. తెలంగాణలో బకెట్ విధానంతో సబ్జెక్టులు కలుపుకునే స్వేచ్ఛ వచ్చింది. శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం ఆ విధానానికి ముందే, కళలనూ శాస్త్రాలనూ కలిపి చెప్పడానికే పుట్టింది. సబ్జెక్టుల పట్టిక పొడవు పెంచడం ప్రభుత్వ ఉత్తర్వుతో అయ్యే పనే. వందమంది కూర్చునే తరగతిలో ఏ సబ్జెక్టు ఎందుకు ఎంచుకుంటున్నావని పిల్లవాణ్ని అడిగే మనిషి మాత్రం ఉత్తర్వుతో రాడు. మన ప్రిన్సిపాళ్లు ప్రతి లెక్చరర్ టైంటేబుల్‌లో వారానికి రెండు గంటలు సలహాకని కేటాయించి, ఆ గంటలను పనిభారంలో లెక్కకట్టాలి. పట్టిక సంగతి తర్వాత చూసుకోవచ్చు.