తయారైతే చాలదు.. పరీక్ష దాటాలి
ఎలక్ట్రానిక్ వస్తువులకు బీఐఎస్ నమోదు తప్పనిసరి

హైదరాబాద్: మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతం సాఫ్ట్‌వేర్‌కు పెట్టింది పేరు. చేతికి కట్టుకునే పరికరాలు, చార్జర్ల వంటివి రూపొందించాలనుకునే ఔత్సాహికులకు రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్‌లో నమూనా తయారుచేసుకునే వెసులుబాటు కూడా దక్కింది. అయితే నమూనా పనిచేసినంత మాత్రాన వస్తువును దుకాణానికి పంపడం కుదరదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే మర్నాడు సరిదిద్దవచ్చు. దిండు పక్కన చార్జ్ అవుతున్న బ్యాటరీ విషయంలో ఆ అవకాశం ఉండదు.

కేంద్ర ప్రభుత్వం 2012 అక్టోబరులో ఎలక్ట్రానిక్స్, ఐటీ వస్తువుల నిర్బంధ నమోదు ఉత్తర్వును వెలువరించింది. ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు సహా 15 రకాల వస్తువులతో 2013 జులైలో ఇది అమల్లోకి వచ్చింది. మొబైల్ ఫోన్లు, పవర్ బ్యాంకులు, అడాప్టర్లు, లిథియం బ్యాటరీలను 2014లో చేర్చారు. స్మార్ట్ వాచీలు, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు తర్వాతి జాబితాల్లోకి వచ్చాయి.

కర్మాగారమే లెక్క

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తించిన ప్రయోగశాలలో వస్తువును పరీక్ష చేయించి, నివేదికతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. నివేదిక 90 రోజులకు మించి పాతదై ఉండరాదు. కొత్త సంస్థలు తరచూ తడబడేది ఇక్కడే. వస్తువు గచ్చిబౌలిలో రూపొందిందా, మరెక్కడైనా రూపొందిందా అన్నది ప్రశ్న కాదు. ఏ కర్మాగారంలో తయారైందన్నదే లెక్క. రెండు చోట్ల తయారైతే రెండు నమోదులు కావాలి. చైనాలో చేయించుకుంటే నమోదు అక్కడి తయారీదారు పేరిటే ఉంటుంది, ఇక్కడ అధీకృత ప్రతినిధి ఉండాలి. ఐరోపా సీఈ గుర్తు ఉందన్న వాదన చెల్లదు.

లిథియం సెల్‌కు ఐఎస్ 16046 ప్రమాణం ప్రకారం జరిపే పరీక్షలు కఠినంగానే ఉంటాయి. మీటరు ఎత్తు నుంచి మూడుసార్లు కింద పడవేస్తారు. రెండు ధ్రువాలను నేరుగా కలిపి షార్ట్ సర్క్యూట్ చేస్తారు. 130 డిగ్రీల వేడిలో ఉంచుతారు, బలంగా నొక్కుతారు. సెల్ పేలరాదు, మంట రారాదు. చార్జర్‌నైతే అధిక వోల్టేజీకి గురిచేసి ఇన్సులేషన్ నిలుస్తుందో లేదో చూస్తారు. పరీక్ష అయ్యాక చవకగా వస్తోందని ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చితే పాత నివేదికను నమ్ముకోలేరు. అందువల్ల డిజైన్ దశలోనే ప్రయోగశాలను సంప్రదించడం మేలు, ఖర్చూ కలిసివస్తుంది.

నగరంలో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ పరీక్షా కేంద్రం (ఈటీడీసీ) ఈసీఐఎల్ ప్రాంతంలో ఉంది. రూపకల్పన నగరానికి పడమటి కొసన, పరీక్ష తూర్పు కొసన! తమ వస్తువుకు ఏ ప్రయోగశాలకు గుర్తింపు ఉందో బీఐఎస్ జాబితాలో సరిచూసుకున్నాకే ప్రయాణం కట్టాలి.

బ్లూటూత్, వైఫై ఉన్న పరికరాలకు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి విడిగా అవసరం. మొబైల్ ఫోన్లలో హిందీ, ఇంగ్లిష్‌తోపాటు మరో భారతీయ భాషలో టైపు చేసే వీలుండాలని, అధికార గుర్తింపు పొందిన 22 భాషలనూ తెరపై చదవగలగాలని ఐఎస్ 16333 చెబుతోంది.

సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరు 12న విద్యుత్ ద్విచక్రవాహనాల షోరూంలో చెలరేగిన మంటలు, పొగ పైనున్న లాడ్జిలో 8 మందిని బలిగొన్నాయి. వాహన బ్యాటరీల నిబంధనలు వేరే అయినా, లిథియంతో చెలగాటం ఎంతటిదో నగరవాసులు ఆనాడే చూశారు. నమోదు లేకుండా తయారుచేసినా, అమ్మినా రెండేళ్ల వరకు జైలు లేదా కనీసం రూ.2 లక్షల జరిమానా విధించవచ్చని 2016 నాటి బీఐఎస్ చట్టం పేర్కొంది.

కొనుగోలుదారులు వస్తువుపై బీఐఎస్ ముద్రను, ఆర్ అక్షరం తర్వాత ఉండే ఎనిమిది అంకెల సంఖ్యను చూసుకోవాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే తయారీదారు పేరు, నమోదు చెల్లుబాటు వివరాలు కనిపిస్తాయి. వివరాలు సరిపోలకపోతే అదే యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు.